ఏడు వాక్యాలు

శ్రీవిద్య నా రహస్య వాక్యాన్ని కనిపెట్టిందన్న అనుమానం ఒక గురువారం మధ్యాహ్నం కాఫీ మెషిన్ దగ్గర మొదలైంది.

ఆ ఉదయం మీటింగ్‌లో నా ఫలితం చూపించాను. మాట్లాడేటప్పుడు గొంతు రెండుసార్లు తడబడింది. అది ఎవరికైనా తెలిసిందా అని సాయంత్రం దాకా మనసులో తిప్పుకుంటూ కూచునే మనిషిని నేను. శ్రీవిద్య కప్పులో పాలు కలుపుకుంటూ, నా వైపు చూడకుండానే అంది.

"నీ నంబర్ బాగానే ఉందిలే రఘూ. టెన్షన్ పడకు."

"బాగుందని నీకెలా తెలుసు?"

ఆమె నవ్వి తన గదికి వెళ్ళిపోయింది. నేను చల్లారిన కప్పుతో అక్కడే నిలబడ్డాను. నా అంకె బాగుందో లేదో భూమ్మీద ఎవరికీ తెలియకూడదు. మా పని మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

మేము కొలిచేది మ్యూఆన్ అనే కణాన్ని. ఎలక్ట్రాన్ లాంటిదే, బరువు మాత్రం రెండు వందల రెట్లు. పుట్టాక సెకనులో పది లక్షల వంతులు రెండు గడిస్తే చాలు, పోతుంది. ప్రతి మ్యూఆనూ ఒక చిన్న అయస్కాంతం. పెద్ద అయస్కాంతపు రింగులో పెట్టి తిప్పితే బొంగరం తల తిప్పినట్టు దాని ముల్లు తిరుగుతుంది. ఆ తిరిగే వేగం నుంచి దాని అయస్కాంత బలాన్ని చెప్పే ఒక అంకె వస్తుంది. పాత లెక్క ప్రకారం అది సరిగ్గా రెండు ఉండాలి. నిజానికి రెండు మీద వెయ్యో వంతు పైచిలుకు ఎక్కువ. శూన్యం అనేది ఖాళీ కాదు గనక, అందులో క్షణకాలం పుట్టి పోయే కణాలన్నీ మ్యూఆన్‌ని కొద్దికొద్దిగా తాకుతూ ఉంటాయి గనక. మనకు తెలిసిన కణాలన్నిటినీ కలుపుకుని ఆ ఎక్కువ ఎంతో సిద్ధాంతం చెబుతుంది. కొలత దానితో కలవకపోతే మనకు తెలియనిది ఇంకేదో ఉన్నట్టు. సిద్ధాంతం వాళ్ళలోనే రెండు లెక్కలున్నాయి, ఒకదానితో ఒకటి పొసగవు. అందుకని అందరి కళ్ళూ కొలత మీదే.

అంత చిన్న తేడా కోసం చూసేవాడు తను చూడాలనుకున్నదే చూస్తాడు. మోసం చెయ్యక్కరలేదు, ఆశపడితే చాలు. అందుకే మా ప్రయోగంలో గడియారం కావాలనే తప్పు చెబుతుంది. ప్రయోగంతో సంబంధం లేని ఇద్దరు దాని వేగాన్ని కాస్త మార్చి, ఎంత మార్చారో రెండు కవర్లలో పెట్టి సీలు వేశారు. అది మొదటి తెర. రెండో తెర మా మధ్య. ఒకే డేటాని ఐదు జట్లు విడివిడిగా లెక్క కడతాయి. ఒకరి జవాబు చూసి ఇంకొకరు అటు మొగ్గకుండా, ప్రతి జట్టూ ఒక వాక్యం ఎంచుకుని ప్రోగ్రాంలో టైప్ చేస్తుంది. ప్రోగ్రాం ఆ వాక్యం నుంచి ఒక అంకె పుట్టించి, ఫలితాన్ని ఆ మేరకు జరుపుతుంది. జరిపిన ఫలితాన్ని మీటింగ్‌లో అందరికీ చూపించవచ్చు. వాక్యం చెప్పకూడదు. మధ్యలో మార్చకూడదు.

నా జట్టులో లెక్క కట్టేది నేనొక్కణ్ణే. నాలుగేళ్ళ కిందట వాక్యం ఎంచుకునే రోజున తెలుగులో టైప్ చేశాను. ప్రయోగంలో ఉన్న నూట అరవై మందిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కదా, ఇంతకంటే గట్టి తాళం ఏముంటుందనుకున్నాను. "కొంపలేం మునిగిపోవు." రన్ చేసిన ప్రోగ్రాం మధ్యలో ఆగిపోయినప్పుడల్లా నాతో నేను అనుకునే మాట అది. ఏడాది తిరక్కుండా శ్రీవిద్య ఇంకో జట్టులో చేరింది. తెనాలి అమ్మాయి. మా రెండు జట్లూ ఒకే యూనివర్సిటీలో, ఒకే అంతస్తులో ఉంటాయి. వచ్చిన నెలలోపే నా మాట నాకే అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"కొంపలేం మునిగిపోవు లెండి సార్. ఇంకోసారి రన్ చెయ్యండి."

అప్పట్లో నవ్వేవాణ్ణి. ఆ గురువారం తర్వాత ఆమె ఆ మాట అన్న ప్రతి సందర్భాన్నీ తవ్వి తీసి చూసుకున్నాను. ఎప్పుడు అంది, ఎవరి ఎదుట అంది, అన్నాక నా ముఖం వైపు చూసిందా. జ్ఞాపకానికి ఒక చెడ్డ గుణం ఉంది. ఏం అడిగితే అది ఇస్తుంది. రెండు రోజుల్లో నా దగ్గర ఆమె మీద ఒక దళసరి ఫైలు తయారైంది.

రెండు జట్లు ఒకరినొకరు చూసి లెక్కలు సరిచేసుకున్నాయని బయటపడితే రెండిటినీ పక్కన పెడతారు. ఇంకో మూడు వారాల్లో జట్ల వాక్యాలు విప్పే రోజు. ఐదు లెక్కల సగటులో నాది ఉంటే నా చేత్తో చేసిన కొలత ఒకటి ఈ లోకంలో ఉన్నట్టు. లేకపోతే, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో, జూన్‌తో ముగిసే కాంట్రాక్టుతో, నాలుగేళ్ళు ఏం చేశావని అడిగితే చెప్పడానికి ఏమీ లేనట్టు.

ఆమె నా వాక్యాన్ని ఊహించగలదా అన్నది తేలాలంటే, ఆమె వాక్యాన్ని నేను ఊహించగలనేమో చూడాలి. ఈ తర్కం ఆ శనివారం పొద్దున నాకు చాలా శుభ్రంగా కనిపించింది. ఆఫీసులో ఎవరూ లేరు. ఆమె మీటింగ్‌లో చూపించిన అంకె నా దగ్గర ఉంది. ప్రోగ్రాం అందరిదీ ఒకటే. ఆమె ఊతపదాలు నాలుగు, ఊరి పేరు, పిల్లి పేరు, ఫోన్ ఎత్తగానే వాళ్ళమ్మతో అనే మాట. మొత్తం ఏడు.

ఈ ప్రోగ్రాంలో తప్పు వాక్యం అనేది ఉండదు. బ్యాంకు వెబ్‌సైట్‌లా మళ్ళీ ప్రయత్నించమని చెప్పదు. ఏం టైప్ చేసినా ఒక అంకె ఇస్తుంది. ఆమె ఫలితంలోంచి ఆ అంకె తీసేసి, జరపని నా అసలు ఫలితంతో పోల్చి చూశాను. ఏడు వాక్యాలకు ఏడు తేడాలు వచ్చాయి. ఆరు తేడాలు నమ్మలేనంత పెద్దవి. "చూద్దాంలే" అన్నదానికి వచ్చిన తేడా చిన్నది. మరీ చిన్నది కాదు, మా కొలతకు మేము ఒప్పుకునే పొరపాటు హద్దుకి దాదాపు మూడింతలు. ఇద్దరిలో ఒకరు ఎక్కడో తప్పు చేసినట్టు.

ఆమె రోజుకు పదిసార్లు చూద్దాంలే అంటుంది, అందుకే ఇది ఆమెదే అని చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదని నాకు తెలుసు. ఏడింటిలో నేను భరించగలిగిన అంకె అదొక్కటే.

సోమవారం నా లెక్కలో తప్పు దొరికింది. నిజమైన తప్పే. రింగులోకి ఒక్కసారిగా బోలెడు కణాలు వచ్చి తగిలినప్పుడు, వాటిని లెక్కపెట్టే డిటెక్టర్ క్షణకాలం అలసిపోయి కాస్త తక్కువ చూపిస్తుంది. ఆ అలసటను సరిచేయడానికి ఒక పట్టిక ఉంటుంది. ఒక ఏడాది వేసవి డేటాకి నేను అంతకు ముందు ఏడాది పట్టిక వాడాను. సరైనది వేసి మళ్ళీ నడిపితే నా అంకె ఆమె అంకె వైపు జరిగింది. తేడా హద్దులోకి వచ్చేసింది.

నాకు కలిగిన ఆనందం చూసి నాకే భయం వేసింది. తప్పు దొరికిన మనిషి సిగ్గుపడాలి. నేను కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ తల వెనక పెట్టుకుని, గెలిచినవాడిలా కూచున్నాను.

యూనివర్సిటీ పక్క ఊరు ప్లెయిన్స్‌బరోలో నాతో అపార్ట్‌మెంట్ పంచుకునే వినీత్ ఒక ఫార్మా కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి టెస్టింగ్ చేస్తాడు. కరీంనగర్ అతను. ఆ సాయంత్రం కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ ఉంటే, పేర్లు లేకుండా, విషయం మాత్రం అతనికి చెప్పాను.

"బగ్ ఉన్నదా లేదా?"

"ఉంది."

"ఫిక్స్ చేసినవా?"

"చేశాను."

"మరి ఏందన్నా నీ బాధ? నాకైతే దీనికి అప్రైజల్‌ల పాయింట్లు వస్తయ్."

"దొరికాక వెతకడం ఆపేశాను."

వినీత్ గట్టిగా నవ్వాడు. "అందరూ గంతే. టెస్ట్ పాసైనంక బగ్ దేవులాడేటోణ్ణి నేను ఇంతవరకు చూడలె. ఫెయిలైతెనే అందరికి కండ్లు కనవడతయ్." మళ్ళీ విజిల్ వచ్చింది. "ఎన్నోది? నీ సోదిల నేను మర్చిపోయిన."

అన్నం కాస్త మెత్తబడింది. అతను తిన్నాడు. నేను తిన్నట్టు కనిపించాను.

మరునాడు పదకొండింటికి శ్రీవిద్య గదికి వెళ్ళి తలుపు వేశాను. ఆమె హెడ్‌ఫోన్స్ తీసింది.

"గురువారం నా నంబర్ బాగుందన్నావు. ఎలా తెలుసు?"

"ఏ నంబర్?"

"కాఫీ దగ్గర."

కాసేపు ఆలోచించింది. "ఓ, అదా. నీ ఫిట్ బాగుంది కదా, గీత డేటాకి సరిగ్గా సరిపోయింది. గ్రాఫ్ కింద మిగిలిన చుక్కలన్నీ ఫ్లాట్‌గా ఉన్నాయి. నీ వాయిస్ షేక్ అవుతుంటే పాపమనిపించి అన్నాను." నా ముఖం చూసి ఆగింది. "నువ్వేమనుకున్నావ్?"

నేను ఏమనుకున్నానో చెప్పాను. తర్వాత ఏం చేశానో కూడా చెప్పాను. ఆమె కుర్చీ వెనక్కి జరిగింది.

"నా ఫ్రేజ్ గెస్ చేశావా? నువ్వా?"

"ఏడు ప్రయత్నించాను. వాటిలో ఒకటి..."

"చెప్పకు." చప్పున లేచి గోడ వైపు తిరిగింది. "ఏది ట్రై చేశావో చెప్పకు. నువ్వు చెప్తే నా మొహంలో నీకు తెలిసిపోతుంది. అసలు నా మొహం చూడొద్దు."

ఆమె వీపూ, జడ చివరన పెట్టుకున్న నల్ల క్లిప్పూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"విద్యా, నేను కావాలని..."

"కావాలనే చేశావు రఘూ. ఏడుసార్లు టైప్ చేస్తే పొరపాటున ఎలా అవుతుంది? పైగా నేను దొంగనని ప్రూవ్ చెయ్యడానికి." గొంతు మామూలుగానే ఉంది. "మూడేళ్ళు నీ పక్కన కూచుని లంచ్ చేశాను. నీ ఫ్రేజ్ ఏదో నాకెందుకు? ఇవాళే హెలెన్‌కి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

హెలెన్ అన్ని జట్ల లెక్కలూ చూసే సమన్వయకర్త. అరవై దాటిన మనిషి, తొందరపడి మాట్లాడదు. వీడియో కాల్‌లో నేను చెప్పినదంతా కాగితం మీద రాసుకుంది. నా ఏడు వాక్యాలనూ తనకు ఒక్కదానికే పంపమంది. తెలుగు అక్షరాలు ఆమెకు గుండ్రటి బొమ్మల వరస మాత్రమే. ప్రోగ్రాంలో దాచి ఉన్న శ్రీవిద్య జట్టు వాక్యంతో అక్షరం అక్షరం పోల్చే పని కంప్యూటర్‌కి ఇచ్చింది. జవాబు ఆమె తెర మీద వచ్చింది. నాకు ఆమె కళ్ళద్దాల మెరుపు తప్ప ఏమీ కనపడలేదు.

"నీకు ఏమీ చెప్పను," అంది. "కాదని చెబితే నిన్ను శాంతపరచడానికి అన్నాననుకుంటావు. అవునని చెబితే మిగతాది కూడా పాడవుతుంది."

"నా లెక్క తీసేస్తారా?"

"నువ్వు కనుక్కున్న తప్పు నిజమైనదేనా?"

"నిజమైనదే."

"దాన్ని వెతకడం ఎప్పుడు మొదలుపెట్టావు?"

"శనివారం తర్వాత."

హెలెన్ ఆ జవాబునూ కాగితం మీద రాసుకుంది. తర్వాత ఒక షరతు పెట్టింది. నా లెక్కలో ఎక్కడెక్కడ తప్పు జరిగే అవకాశం ఉందో తనే ఒక జాబితా రాసి ఇస్తుంది. ప్రతి అంశాన్నీ, అది నా అంకెను ఎటు జరిపినా సరే, చివరిదాకా పరీక్షించాలి. పూర్తయితే నా లెక్క సగటులో ఉంటుంది. జాబితా మర్నాడు వచ్చింది. నలభై ఒక్క అంశాలు.

పదమూడు రోజులు పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్కటీ చేశాను. శ్రీవిద్య నేను నడవాలో కనిపిస్తే ఫోన్ చూసుకుంటూ పక్కకు తిరిగేది. ఆమెకు కోపమో, జాగ్రత్తో తేల్చుకోలేకపోయాను. రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇరవై ఎనిమిది అంశాల్లో ఏమీ లేదు. ఇరవై తొమ్మిదోది రెండు కణాలు ఒకేసారి తగిలితే ఒకటిగా లెక్కపెట్టే పొరపాటు గురించి. దాన్ని సరిచేసే నా పద్ధతిలో ఒకచోట తీసేయాల్సింది కలిపాను. సరిచేశాక నా అంకె జరిగింది. ఈసారి ఎదురు దిక్కుకి, దాదాపు మొదట జరిగినంతే. మొత్తానికి నేను బయలుదేరిన చోటికే వచ్చాను.

గుండె తేలికపడింది. నేను ఆశపడిన అంకె నా చేతిలోంచి పోయింది కాబట్టి ఇక నేను నిజాయితీపరుణ్ణే అనిపించింది. శిక్ష పడినవాడికి కలిగే నెమ్మది అది. "సమయం చాలలేదు. ఇరవై తొమ్మిది చేశాను, రెండు తప్పులు దొరికాయి" అని హెలెన్‌కి రాశాను. ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి. ఆ సంగతి రాయలేదు. ఆమె కాసేపటికి జవాబిచ్చింది. సరే, ఇది చాలు, నీ లెక్క ఉంటుంది.

వాక్యాలు విప్పే రోజున నూట ఇరవై మంది కాల్‌లో ఉన్నారు. ఒక్కో జట్టూ తన వాక్యం చదివింది. ఎవరిదో వంటకం పేరు, ఎవరిదో పాత వీధి చిరునామా. నాది నేను చదివి అర్థం చెబితే కొందరు నవ్వారు. శ్రీవిద్య జట్టు వంతు వచ్చింది. ఆమె మైక్ ఆన్ చేసి, ఏవో అక్షరాలూ అంకెలూ కలిసిన ముప్ఫై ముక్కల వరస చదివింది.

"దీనికి అర్థమేమీ లేదు. నేను చేరకముందే మా ప్రొఫెసర్ ర్యాండమ్‌గా పెట్టారు," అంది.

ఏడు వాక్యాల్లో ఏదీ ఆమెది కాదు. ఆమె ఊతపదాలకూ, ఊరికీ, పిల్లికీ ఆ అంకెతో ఏ సంబంధమూ లేదు. నేను పోల్చుకున్న తేడా అసలు లేదు. లేని అంకె వైపు నా లెక్కను లాక్కెళ్ళాను, అక్కడ నిజమైన తప్పు ఎదురొచ్చింది.

ఐదు ఫలితాలూ ఒకే గ్రాఫ్‌లో తెర మీదకు వచ్చాయి. ఐదు చుక్కలూ హద్దులోపలే. నాది మధ్యలో. చప్పట్లు మొదలయ్యాయి. వారం తర్వాత కవర్లు తెరిచి గడియారం రహస్యం విప్పితే, సిద్ధాంతానికి మా జవాబు ఏమిటో లోకానికి చెప్పవచ్చు. హెలెన్ అందరికీ థాంక్స్ చెప్పడం మొదలుపెట్టింది.

నేను ఆ మధ్య చుక్కను చూస్తున్నాను. అది మరీ అందంగా కూచుంది. మొదటిసారి నాకు నచ్చిన చోట ఆగాను. రెండోసారి నాకు శిక్షలా అనిపించిన చోట ఆగాను. రెండూ నేను ఎంచుకున్న చోట్లే. మైక్ ఆన్ చేశాను.

"నేను జాబితా పూర్తి చెయ్యలేదు. పన్నెండు మిగిలాయి."

"తెలుసు," అంది హెలెన్. "సమయం చాలలేదని రాశావు."

"సమయం చాలింది. నాలుగు రోజులు ఉన్నాయి. చెయ్యాలనిపించలేదు."

చప్పట్లు ఎప్పుడు ఆగాయో తెలియదు. హెలెన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె ముఖంలో కోపం కనపడి ఉంటే నాకు తేలికయ్యేది.

"తెర తొలగిపోయింది రఘువీర్. ఇప్పుడు మిగతావి చేసినా, నీకేం దొరికినా, అది ఎటు జరగాలో తెలిసి వెతికావంటారు. నీ లెక్కను సగటులో పెట్టలేను. మన పేపరు అనుబంధంలో ఒక పేరా ఉంటుంది."

"అర్థమైంది," అన్నాను.

అప్పుడు శ్రీవిద్య మాట్లాడింది. ఇంగ్లిష్‌లో, నెమ్మదిగా. "ఆ లిస్ట్ మేమెవ్వరం చెయ్యలేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మాది కలిసింది గనక మేమూ ఆగిపోయాం." తర్వాత హెలెన్‌ని ఉద్దేశించి అంది. "కవర్లు తెరవడానికి ముందు నాకు టైం కావాలి."

హెలెన్ మిగతా ముగ్గురినీ పేరు పెట్టి పిలిచి అడిగింది. ఒకరు కుదరదన్నారు. ఇద్దరు కావాలన్నారు. కవర్లు తెరవడం నెలరోజులు వాయిదా పడింది. సిద్ధాంతం నెగ్గిందో లేదో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం మెట్ల దగ్గర ఆమె ఎదురైంది. ఈసారి ఫోన్ చూసుకోలేదు.

"నా కోసం అన్నావా?" అని అడిగాను.

"కాదు. నీ మీద ఇంకా కోపంగానే ఉంది." పై మెట్టు మీద కాలు పెట్టి అంది. "నువ్వు నన్ను అనుమానించావు కదా. అప్పటి నుంచి నా కోడ్ ఓపెన్ చేస్తే నాకు నా మీదే డౌట్ వస్తోంది. అంతే."

ఆమె పైకి వెళ్ళిపోయింది. ఆ మాట నిజమో, నన్ను దూరంగా ఉంచడానికి అన్నదో తేల్చుకోవడానికి నా దగ్గర ఏ పద్ధతీ లేదు. గదికి వెళ్ళి ముప్ఫయ్యో అంశం తెరిచాను. దాని ఫలితం ఇక ఏ సగటులోకీ వెళ్ళదు. డేటా లోడ్ కావడానికి ఇరవై నిమిషాలు పడుతుందని తెర చెప్పింది. కూచున్నాను.